బోరు, మోటారు, మీటరు: సుచిత్ర నుంచి శామీర్‌పేట దాకా తరచూ అడిగే ప్రశ్నలు

సుచిత్ర చౌరస్తా చుట్టుపక్కల ఏ మోటారు షాపు ముందు కాసేపు నిలబడినా ఒకే మాట వినిపిస్తుంది: “అన్నా, మంచి కంపెనీ మోటార్ ఇయ్యి, ఐదేండ్లు దాని మొఖం చూడొద్దు.” అడిగేవాళ్ళలో మేడ్చల్ కూరగాయల రైతులుంటారు, కొంపల్లి అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లుంటారు, శామీర్‌పేట అవతల ఎకరమో రెండెకరాలో కొనుక్కుని ఆదివారాలు వెళ్ళొచ్చే ఉద్యోగులుంటారు. షాపాయన ఏదో ఒక పేరు చెబుతాడు. ఆ మోటారు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఆ పేరుతో తేలదు. బోరుకు అనుమతి ఉందా, కరెంటు ఏ కేటగిరీలో ఉంది, బోరు గంటకు ఎన్ని నీళ్ళిస్తుంది, చేతిలో బిల్లుందా అన్న నాలుగు సంగతులు ముందు తేలాలి. అందుకే ఇక్కడ కంపెనీ ప్రశ్న ఆలస్యంగా వస్తుంది.

నా పట్టా భూమిలో నేను బోరు వేసుకోవడానికి ఒకరి అనుమతి ఎందుకు?

వాల్టా వల్ల. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం అది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం కొత్త బోరుకు ముందస్తు అనుమతి కావాలి, ఉన్న బావులు, బోర్లు నమోదై ఉండాలి. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు కార్యాలయానికి వెళుతుంది. అక్కడ నీటి పరిస్థితిని భూగర్భజల శాఖ చూసి చెబుతుంది. పాసు పుస్తకం, సర్వే నంబరు, బోరు దేనికన్న వివరం దగ్గర పెట్టుకోవాలి. ఇంటి అవసరానికి, సాగుకు, వ్యాపారానికి వేసే బోర్లను చట్టం ఒకే గాటన కట్టదు.

నీళ్ళు మితిమీరి తోడేసిన గ్రామంగా మీ ఊరు నోటిఫై అయి ఉంటే సాగుకు కొత్త బోరు ఆశ వదులుకోవాలి. కేంద్ర భూగర్భజల బోర్డు లెక్కలో ఏటా భూమిలోకి ఇంకే నీటిలో వాడుకోదగ్గదాని కన్నా ఎక్కువ తోడుతుంటే, అంటే నూరు శాతం దాటితే, అది ఆ కోవలోకి వస్తుంది. 90 నుంచి 100 మధ్య ఉంటే ‘క్రిటికల్’, 70 నుంచి 90 ఉంటే ‘సెమీ క్రిటికల్’. అడ్వాన్సు ఇచ్చి బోరు బండిని పిలిచాక కాదు, భూమి కొనేముందే ఈ సంగతి కనుక్కోవాలి.

ఇంకో మెలిక. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. ఆ తర్వాత ఈ పక్క పంచాయతీలు మునిసిపాలిటీలయ్యాయి, హద్దులు మారుతూనే ఉన్నాయి. నిన్నటి సర్పంచి సంతకం ఇవాళ చెల్లకపోవచ్చు. మీ సర్వే నంబరు ప్రస్తుతం ఏ స్థానిక సంస్థ కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి.

ఊరి మంచినీళ్ళ బోరు మా చేను పక్కనే ఉంది. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు గానీ బావి గానీ తవ్వకూడదు. ప్రజల తాగునీటికి వేసే బోరుకు, తాగడానికి వేసుకునే చేతి పంపుకు మినహాయింపు ఉంది. మోటారు బిగించిన తోట బోరుకు లేదు. 250 మీటర్లంటే కంటికి దగ్గరే అనిపించదు, అందుకే చాలామంది పప్పులో కాలేస్తారు. టేపుతోనో ఫోనులోని మ్యాపుతోనో కొలిచి చూసుకోండి.

బోరు బండిని ఎవరినైనా పిలవొచ్చా?

భూగర్భజల శాఖ దగ్గర నమోదైన బండినే పిలవాలి. నమోదు పత్రం చూపించమంటే మొహం చిట్లించే ఏజెంటును అక్కడే వదిలేయండి. తవ్వకం అయ్యాక లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు దింపారు, ఏ లోతులో నీళ్ళు తగిలాయి, చివరికి ఎంత పడ్డాయి అన్నది రాయించుకుని సంతకం తీసుకోండి. “రెండించుల నీళ్ళు పడ్డయి సారూ” అన్న నోటిమాట మోటారు కొనడానికి పనికిరాదు. బోరు బండి గాలి ఒత్తిడితో ఎగజిమ్మిన నీళ్ళు వేరు, వేసవిలో మోటారు నాలుగు గంటలు ఆడినప్పుడు వచ్చే నీళ్ళు వేరు.

పక్కాయన నాకన్నా లోతుగా బోరు వేశాడు. నాది ఎండిపోయింది. కేసు వేయొచ్చా?

ఎక్కువమంది కడుపుమంటతో అడిగే ప్రశ్న ఇది. వాళ్ళకు నచ్చని జవాబే చెప్పాలి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెప్పిన సూత్రం ప్రకారం, భూమి అడుగున నిర్దిష్టమైన కాలువగా పారకుండా ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉంది. మీ బోరు ఎండినంత మాత్రాన ఆయన తప్పు చేసినట్టు కాదు. ఈ సూత్రం బ్రిటిష్ కాలపు బావుల లోకానికి సరిపోయిందేమో గానీ, వెయ్యి అడుగులు తవ్వే బండ్ల కాలానికి సరిపోదన్నది నా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే మాత్రం ఇదే చట్టం.

అయితే వాల్టా దారి ఒకటుంది. ఆ బోరుకు అనుమతి ఉందా, సాగుకని తీసుకుని ట్యాంకర్లు నింపుతున్నారా, తాగునీటి వనరుకు దగ్గరగా ఉందా అని తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. అనుమతి పత్రం నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. మీ బోరుకే అనుమతి లేకపోతే ఈ పనికి దిగకముందు ఒకసారి ఆలోచించుకోండి.

అన్నదమ్ముల వాటాలో బోరు ఒకరి భూమిలో పడింది. నీళ్ళు వంతులవారీగా వాడుకుంటున్నాం. ఇప్పుడు ఆ వాటా అమ్ముతున్నారు.

నోటిమాట వంతులు కొనేవాడికి పట్టవు. భాగపరిష్కార పత్రంలో గానీ విక్రయ పత్రంలో గానీ మూడు సంగతులు రాయించి రిజిస్టరు చేయించాలి: నీటి వంతు, పైపు వెళ్ళే దారి, మోటారు రిపేరు ఖర్చు ఎవరెంత. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో కూడా అందులో ఉండాలి. లేకపోతే 20 ఏళ్ళుగా అడ్డూ ఆపూ లేకుండా హక్కుగా వాడుకుంటున్నామని కోర్టులో రుజువు చేసుకోవాల్సి వస్తుంది, అది ఒక జీవితకాలపు పని.

ఎండిపోయిన బోరు ఉంది. మూత పెడితే సరిపోతుందా?

గోనెసంచీ, బండరాయి మూత కాదు. 2017 జూన్‌లో చేవెళ్ళ మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప, 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ళ బాబు తెరిచి ఉన్న బోర్లలో పడి చనిపోయారు. పొడ్చన్‌పల్లిలో బోరు అప్పుడే తవ్వారు, నీళ్ళు పడలేదు, పూడ్చలేదు.

అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, 2010లో, సుప్రీంకోర్టు స్పష్టంగా ఆదేశాలిచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. తవ్వే చోట యజమాని, బండివాళ్ళ చిరునామాలతో బోర్డు, చుట్టూ ముళ్ళకంచెనో అడ్డుకట్టనో ఉండాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు గద్దె భూమి పైన 30 సెంటీమీటర్లు, కింద 30 సెంటీమీటర్లు కట్టాలి. పైన ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయాలి, లేదా నట్లు బోల్టులతో గట్టి మూత బిగించాలి. రిపేరుకు మోటారు పైకి తీసినప్పుడు కూడా బోరు తెరిచి వదలకూడదు. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, గులకరాళ్ళతో అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. మోటారు రిపేరుకు వెళ్ళిన రెండు రోజులే కదా అనుకునే చోటే ప్రమాదం కాచుకుని ఉంటుంది. మెకానిక్ వెళ్ళేముందు మూత బిగించాకే కూలి డబ్బులు చేతిలో పెట్టండి.

ఉచిత కరెంటు నా ఫామ్‌హౌస్ బోరుకు వస్తుందా?

ఉచితం సాగుకే. 2004 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఇస్తున్నారు. ఇది ఎల్‌టీ-5 కేటగిరీ. దానికీ షరతులున్నాయి: ఐఎస్‌ఐ గుర్తున్న మోటారు, తగినంత కెపాసిటర్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వ్. డీడీ కట్టి కనెక్షన్ తీసుకున్న రోజే వీటిని అమర్చుకోవాలి. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్, 7.5 హెచ్‌పీకి 3 కేవీఏఆర్ కెపాసిటర్ కావాలి. కార్పొరేట్ వ్యవసాయానికి, నర్సరీలకు టారిఫ్ వేరు.

అదే లైను మీద ఈత కొలను నింపినా, అతిథి గదుల ఏసీలు నడిపినా, ట్యాంకర్లకు నీళ్ళమ్మినా విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కిందికి వస్తారు. అనుమతించిన పనికి కాక మరో పనికి వాడటం అనధికార వాడకం. ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. కొంపల్లి, సుచిత్ర వైపు వేసవిలో పరుగులు పెట్టే ట్యాంకర్లలో కొన్ని ఎక్కడ నిండుతున్నాయో ఆ దారిన పోయే ప్రతివాళ్ళకూ తెలుసు.

నోటీసు వస్తే భయపడి లైన్‌మన్ చేతిలో డబ్బు పెట్టకండి. ముందు వచ్చేది తాత్కాలిక అంచనా మాత్రమే, దానికి మీ అభ్యంతరాలు రాసివ్వొచ్చు. తుది ఆదేశం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు వేసిన మొత్తంలో సగం ముందు కట్టాలి. కొక్కెం తగిలించి కరెంటు తీసుకోవడం మాత్రం దొంగతనం, 135వ సెక్షన్, మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు.

ఎన్ని హార్స్‌పవర్ తీసుకోవాలి?

ఇది పక్కింటివాళ్ళను చూసి తీసుకునే నిర్ణయం కాదు. మన చుట్టూ నేల అడుగున ఉన్నది గ్రానైటు. నీళ్ళు ఇసుక నేలలోలా అంతటా పరుచుకుని ఉండవు, రాతి పగుళ్ళలో ఉంటాయి. గట్టుకు ఇటు పక్క బోరు పొంగిపొర్లుతుంది, అటు పక్కది దుమ్ము కక్కుతుంది. కాబట్టి మీ బోరు లెక్క మీదే.

ఏప్రిల్, మే నెలల్లో, నీళ్ళు అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు, అద్దె మోటారుతో మూడు నాలుగు గంటలు ఆడించండి. ఇరవై లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో మొదట ఒకసారి, చివర ఒకసారి చూడండి. చివర 20 సెకన్లలో నిండితే సెకనుకు ఒక లీటరు. మోటారు ఆడుతుండగా నీటి మట్టం ఎంత లోతుకు దిగిందో కూడా కొలిపించండి. లెక్కకు ఆ లోతే కావాలి, బోరు మొత్తం లోతు కాదు.

ఇప్పుడు లెక్క. నీటి మట్టం 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు. ఇంటి మీది ట్యాంకుకు ఇంకో 9 మీటర్లు. పైపుల్లో రాపిడికి 5 మీటర్లు. మొత్తం 105 మీటర్ల హెడ్. సెకనుకు ఒక లీటరును ఇంత ఎత్తుకు ఎత్తాలంటే 105ను 75తో భాగించాలి: 1.4 హెచ్‌పీ. మోటారు, పంపు కలిసి నూటికి 45 పాళ్ళ సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే 3 హెచ్‌పీ చాలు. “ఎందుకైనా మంచిది” అని 7.5 హెచ్‌పీ దింపితే బోరు ఊరేదానికన్నా వేగంగా లాగేసి ఎండు మీద ఆడుతుంది, వైండింగ్ కాలుతుంది. మెకానిక్‌లు కాలిన మోటార్లు విప్పినప్పుడు ఎక్కువసార్లు తేలేది ఈ అతి జాగ్రత్తే.

బోరు నీళ్ళు మరీ తక్కువైతే పెద్ద మోటారు కన్నా చిన్న మోటారు, నేల మీద సంపు నయం. మోటారును బోరు అడుగు దాకా దింపకూడదు, అక్కడ బురద ఉంటుంది.

ఇక ఏ కంపెనీ?

నేమ్‌ప్లేటు చదవగలిగితే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. డబ్బా మీద రంగుల కాగితం కాదు, మోటారు ఒంటికి అతికించిన లోహపు రేకు చూడండి. దాని మీద హెచ్‌పీ, కిలోవాట్లు, వోల్టులు, ఆంపియర్లు, ఎన్ని స్టేజీలు, ఏ హెడ్ దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు, కనీసం ఎంత బోరులో దిగుతుంది అన్నవి ఉండాలి. హెడ్ పరిధి ‘60 నుంచి 140 మీటర్లు’ అని ఉందనుకోండి, మీ 105 అందులో నడిమధ్యన పడుతోంది, మంచిదే. మీ లెక్క ఆ పరిధి కొసన పడుతుంటే ఆ మోడల్ మీది కాదు.

ఐఎస్‌ఐ గుర్తు పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. బోరులో దిగే సబ్‌మర్సిబుల్ పంపుసెట్లకు ఐఎస్ 8034, బావిలో పెట్టే ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్‌కు ఐఎస్ 14220, నేల మీది మోనోబ్లాక్‌కు ఐఎస్ 9079. లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరికిచ్చారో, ఇంకా చెల్లుతుందో కనిపిస్తుంది. షాపులో నిలబడే చేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అంటే ఆ షాపులో కొనకండి.

కోయంబత్తూరు నుంచి వచ్చే పేరున్న కంపెనీలన్నీ ఈ లెక్కలో ఇంచుమించు నిలబడతాయి. వాటి మధ్య తేల్చేది దగ్గర్లో సర్వీసు సెంటరుందా, విడి భాగాలు దొరుకుతాయా అన్నది. రాణిగంజ్‌లో కొంచెం చవగ్గా దొరుకుతుంది, నిజమే. కానీ కాలిన మోటారును ఆటోలో వేసుకుని మళ్ళీ అంత దూరం వెళ్ళాలి.

దింపే రోజు దగ్గరుండండి. నీళ్ళు నింపే రకం మోటారైతే మెకానిక్ పక్కన బిరడా విప్పి, శుభ్రమైన నీళ్ళు పోసి, మోటారును అటూ ఇటూ కదిపి బుడగలు పోయాక మళ్ళీ నింపి బిరడా బిగించాలి. తొందరలో ఈ పని ఎగ్గొట్టేవాళ్ళున్నారు. కేబుల్ అతుకు నీళ్ళలో మునుగుతుంది, కాబట్టి టేపు మీద టేపు గట్టిగా చుట్టించండి. ఎండు మీద ఆడితే ఆపేసే రక్షణ ఉన్న ప్యానెల్ బోర్డు పెట్టించండి. చవక స్టార్టరుతో ఆదా చేసిన డబ్బు ఒక్క వైండింగుకు సరిపోదు.

ఆటో స్టార్టర్ పెట్టుకోవచ్చా?

వ్యవసాయ బోర్లకు వద్దు. 24 గంటల సరఫరా మొదలయ్యే ముందు, 2017లో, ప్రభుత్వమూ విద్యుత్ పంపిణీ సంస్థలూ (డిస్కంలు) వీటిని తీసేయమని ఊరూరా ప్రచారం చేశాయి. కరెంటు రాగానే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కూర్చోబెడతాయి, బోరేమో రాత్రంతా ఆడి ఎండుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మోటార్లు ఆగిపోతే?

ఫిర్యాదును 1912కు చెప్పి నంబరు రాసుకోండి. విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాల ప్రకారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. మార్చకపోతే వినియోగదారుడికి పరిహారం రావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరులో మోసుకెళ్ళి మోసుకురావడం రైతుల పని కాదు. మాట నెగ్గకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు చోట్లా వకీలు లేకుండానే వెళ్ళొచ్చు.

వారంటీలోనే కాలింది. “లో వోల్టేజి, మా బాధ్యత కాదు” అంటున్నారు.

అందరూ అనే మాటే. లో వోల్టేజి అని ఊరికే అనడం కాదు, సర్వీసు రిపోర్టులో రాసివ్వమనండి. అలా రాసిస్తే డిస్కం మీద మీ ఫిర్యాదుకు అదే ఆధారం. రాసివ్వకపోతే కంపెనీ వాదన బలహీనపడుతుంది. ఎల్‌టీ లైనులో వోల్టేజి 6 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు, అంటే మూడు ఫేజుల మీద 415కు గాను సుమారు 390 నుంచి 440 మధ్య ఉండాలి. ప్యానెల్ మీటరులో ఎంత చూపిస్తుందో ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. బిల్లులో గడువేదీ రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని మొండికేయడమూ తప్పే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న రబ్బరు స్టాంపు చట్టాన్ని చెరపలేదు. రైతు వ్యాపారి కదా, వినియోగదారుడెలా అవుతాడని ఎదుటి వకీలు అనొచ్చు. ఆ ప్రశ్న మన తెలుగు విత్తన రైతుల కేసులోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రైతు వినియోగదారుడేనని 2012లో తేల్చారు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, చాలా కంపెనీలు అక్కడే దారికొస్తాయి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఉన్న కోయంబత్తూరుకు వెళ్ళక్కర్లేదు. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. జీఎస్‌టీ తప్పించుకుందామని బిల్లు లేకుండా కొన్నవాళ్ళకు ఈ తలుపులన్నీ మూసుకుపోయినట్టే. పంపులపై పన్ను 2022 జులైలో 12 నుంచి 18 శాతానికి పెరిగాక ఈ బేరం మరీ ఎక్కువైంది.

సోలార్ పంపు?

2019లో వచ్చిన పీఎం-కుసుమ్ కింద 7.5 హెచ్‌పీ దాకా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించాలన్నది పథకం. నీళ్ళు మితిమీరి తోడేసిన చోట కొత్త పంపులకు ఇది వర్తించదు. ఉచిత కరెంటున్న రైతుకు మన దగ్గర దీని మీద మనసు పోకపోవడం సహజం. లైను రావడానికి పది స్తంభాలు పడే మారుమూల చేనుకు మాత్రం లెక్క వేసి చూడొచ్చు.

శామీర్‌పేట పెద్దచెరువు పక్కనే భూమి. చెరువులోంచే మోటారు పెట్టుకోవచ్చా?

వద్దు. చెరువు నీళ్ళు సాగునీటి శాఖవి, ఆయకట్టు రైతులవి. పంపు షెడ్డు కట్టాలన్నా చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు (ఎఫ్‌టీఎల్) నుంచి, 10 హెక్టార్లు దాటిన చెరువైతే, 30 మీటర్లు వదలాలి.

బోరు లేదు, నల్లాకే చిన్న మోటారు పెడదామనుకుంటున్నాం.

సుచిత్ర వైపు ఇళ్ళలో ఇది మామూలైపోయింది, కానీ నేరుగా లైనుకు మోటారు బిగించడం నిషిద్ధం. 2025 ఏప్రిల్‌లో జలమండలి దీనిపై ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టింది: మోటారు జప్తు, 5,000 రూపాయల జరిమానా. నల్లా నీళ్ళు వాటంతటవే సంపులోకి పడనిచ్చి, సంపు నుంచి పైకి ఎక్కించుకోవచ్చు. దానికి అర హెచ్‌పీ మోనోబ్లాక్ చాలు.